ఇంటర్వెల్ దాటని గురువు

మావయ్య వెండితెర మీద ఇప్పటికి ఇరవై మూడుసార్లు చచ్చాడు. తెల్లగడ్డం, గంభీరమైన గొంతు ఉన్న పాపానికి ఎవరు పిలిచినా గురువు వేషమే ఇస్తారు. గురువన్నాక ఇంటర్వెల్‌కి ముందు హీరో ఒళ్లో తల పెట్టి ప్రాణం వదలాల్సిందే. కిందటేడు నిజంగానే గుండెపోటు వచ్చి వంటింట్లో కుప్పకూలాడు. అప్పట్నుంచి అత్తయ్య ఆయన సినిమాలు చూడడం మానేసింది.

అందుకే మేనకోడలికి మొదటిసారి సినిమా కథ రాసే అవకాశం, అందులో తనకి మళ్లీ గురువు వేషం రాగానే ఆయన మొహమాటపడుతూ అడిగాడు.

"ఈ ఒక్కదాంట్లో నన్ను బతకనివ్వమ్మా. మీ అత్తయ్యను పక్కన కూర్చోబెట్టుకుని చూడాలనుంది."

"అదెంత పని మావయ్యా! గూఢచారుల కామెడీ. ఎవరూ చావరు" అనేసింది. నోరా, వీపుకు తేకే అని పెద్దలు ఊరికే అన్నారా!

ఆఫీసులో డైరెక్టర్ గోడకి ఆరు అట్టముక్కలు అంటించి పెట్టుకున్నాడు. హీరో, గురువు, విదూషకుడు, కాపలాదారు, నమ్మకద్రోహి, విలన్. లోకంలో ఏ కథైనా ఈ ఆరుగురిదేనని ఆయన నమ్మకం. మిగతా జనాభా అంతా ఎందుకు పుట్టారో ఆయనకే తెలియాలి.

"గురువు పోవాలి. పోకపోతే మన హీరో, ఈ వెర్రిబాగుల గూఢచారి ఎప్పటికి ఎదుగుతాడు?" అన్నాడు.

మావయ్య పాత్రను పట్టుకుని ఆమె ఒక్కో అట్ట దగ్గరికీ తిరిగింది. కాపలాదారుకి తలుపు తీసి తప్పుకోవడమే పని. విదూషకుడి వేషం నిర్మాత బావమరిదికి ఎప్పుడో ఖాయమైపోయింది. విలన్ చావందే జనం కుర్చీల్లోంచి లేవరు. మిగిలింది ద్రోహి.

"గురువే ద్రోహి అని తేలితే? చివర్లో అరెస్టు చేయిద్దాం సార్!"

డైరెక్టర్ ఎగిరి గంతేశాడు. హమ్మయ్య, గండం గడిచిందనుకుంది. సంగతి చెబితే మావయ్య కాస్త చిన్నబుచ్చుకున్నాడు.

"ఇన్నాళ్లూ మంచివాడిగా చచ్చాను. ఇప్పుడు చెడ్డవాడిగా బతకాలన్నమాట. సర్లే, బతకడం ముఖ్యం."

అరెస్టు సీను రోజున అత్తయ్య తనే వస్తానంది. మానిటర్ పక్కన కుర్చీ వేయించుకుని మేనకోడలి చెయ్యి పట్టుకుని కూర్చుంది. సరిగ్గా అప్పుడే డైరెక్టర్‌కి జ్ఞానోదయమైంది.

"ద్రోహిని ఊరికే వదిలితే జనం ఒప్పుకోరు. కాల్చేద్దాం! కామెడీయే కదా, నవ్వొచ్చేలా చస్తాడు."

"సార్, మా అత్తయ్య వచ్చింది..."

"మంచిది. ఆవిడకి కాఫీ ఇప్పించండి."

మావయ్య రంగు పూసిన మొహంతో మేనకోడలి వైపు చూశాడు. ఆమె నేల చూపులు చూసింది. నలభై ఏళ్లుగా చెప్పింది చేసిన మనిషి, ఇప్పుడు మాత్రం ఏమంటాడు? వెళ్లి కెమెరా ముందు గీసిన గీత మీద నిలబడ్డాడు.

తుపాకీ పేలింది. పడ్డాడు. ఎవరూ నవ్వలేదు.

"బరువైపోయింది సార్! అచ్చం చావులా ఉంది. మళ్లీ!" అన్నాడు డైరెక్టర్.

రెండోసారి. మూడోసారి. పడ్డప్పుడల్లా అత్తయ్య వేళ్లు బిగుసుకుంటున్నాయి. లేపి ఇంటికి పంపేద్దామంటే ఆమె కదలదు. ఆపేయమందామంటే ఇక్కడ కథ రాసేవాళ్ల మాట వినేదెవరు? ఆరోసారికి మావయ్య ఆయాసపడుతున్నాడు.

ఏడోసారి గుండు తగలగానే ఆయన జేబులు తడుముకున్నాడు. కళ్లజోడు తీసి తుడిచి పెట్టుకున్నాడు. చొక్కా మీద చిల్లు ఎక్కడుందో వెతికాడు. కనబడ్డాక, ఓహో ఇదా అన్నట్టు తలూపి, నింపాదిగా పడిపోయాడు.

సెట్టంతా పగలబడి నవ్వింది. మేనకోడలికీ పక్కున నవ్వొచ్చేసింది.

అత్తయ్య చెయ్యి వదిలేసింది.

"బ్రహ్మాండం! ఎందుకైనా మంచిది, ఇంకొక్కటి!" అని డైరెక్టర్ అరిచాడు. మావయ్య మోకాళ్లు దులుపుకుంటూ లేచాడు.

"ఇది నువ్వే రాశావామ్మా?" అని అడిగింది అత్తయ్య.

కాదత్తయ్యా, అనబోయింది. నవ్వు ఇంకా మొహం మీదే ఉంది.