నూకరత్నం ఇచ్చిన సర్టిఫికెట్

నూకరత్నం చేపల వేలం పాట మొదలుపెట్టిందంటే రేవులో కాకులు కూడా ఎగిరిపోయేవి. ముప్పై ఏళ్లుగా ఆ గొంతుతోనే బతికింది. ఆ గొంతుతోనే యానాం దగ్గర్లో రెండు గదులూ ఒక హాలూ ఉన్న డాబా కట్టుకుంది. ఆ గొంతే ఇప్పుడు డాబాకి కరెంటు రాకుండా అడ్డం పడింది.

వైరింగు చేసినవాడు వీరబాబు. లైసెన్సున్న ఎలక్ట్రీషియను, పనిమంతుడు, మాట తక్కువ. పని పూర్తిచేసి చేతులు కడుక్కుని వెళ్లిపోయాడు. ఆ సాయంత్రం నూకరత్నం హాల్లో నిలబడి, తల అటు వంచీ ఇటు వంచీ చూసి, గుమ్మం పక్కనున్న స్విచ్చి బోర్డు వంకరగా ఉందని తేల్చేసింది. చూపు దానిమీద పడకుండా పైన మేకు కొట్టి అన్నవరం స్వామివారి క్యాలెండరు తగిలించింది. అంతటితో ఊరుకుంటే బాగుండేది. మర్నాడు పొద్దున్నే పండుగప్ప చేపల పాట మధ్యలో, "వీరబాబు బిగించిన బోర్డు చూత్తే మెడ పట్టేత్తందమ్మా!" అనేసింది. రేవు రేవంతా నవ్వింది.

పది రోజుల తర్వాత మీటరు కోసం కరెంటాఫీసుకి వెళ్లింది. కౌంటర్లో ఉన్న హారతి అనే అమ్మాయి కాగితాలన్నీ తిరగేసి, "వైరింగ్ పూర్తయింది, టెస్ట్ చేశాం అని ఎలక్ట్రీషియన్ సంతకంతో సర్టిఫికెట్ కావాలండి" అంది.

"అయిందమ్మా, నా కళ్లతో చూశాను. ఇలా తే, నేనే పెడతాను సంతకం."

"మీరు పెడితే చెల్లదండి. లైసెన్సున్నవాళ్లే పెట్టాలి."

నూకరత్నం బయటికొచ్చి వీరబాబుకి ఫోన్ చేసింది. అతను అంతా విని, "వంకర పని కదక్కా. వంకర పనికి సర్టిఫికెట్ ఎలా ఇమ్మంటారండి?" అని ఫోన్ పెట్టేశాడు.

ఊళ్లో లైసెన్సున్న రెండోవాడు ఉదయ్‌కుమార్. అతని దగ్గరికెళ్తే, "నేను చెయ్యని పనికి నేను సంతకం పెట్టనండి. పైగా వీరబాబుగారు నాకు పని నేర్పిన గురువు" అని దణ్ణం పెట్టాడు.

గృహప్రవేశం ఇంకా ఎనిమిది రోజులుంది. కార్డులు పంచేశారు.

"వెళ్లి నాలుగు మంచి మాటలు చెప్పరాదా?" అన్నాడు మొగుడు రాముడు.

"అబద్ధమాడమంటావా? బోర్డు వంకరే!" అంది గానీ, ఆ సాయంత్రమే వీరబాబు ఇంటికి వెళ్లింది.

వీరబాబు భార్య నాగదుర్గ మంచినీళ్లిచ్చి, కుర్చీ వేసి, మెల్లగా అంది: "మీరు రేవులో అన్న మాటకి రెండిళ్లవాళ్లు పని వద్దన్నారండి వదినగారూ." నూకరత్నం గ్లాసు కింద పెట్టేసింది. నవ్వించాననుకుందే తప్ప, ఆ నవ్వు ఇంత దూరం వస్తుందనుకోలేదు.

వీరబాబు మాత్రం కోపంగా లేడు. "రేపొచ్చి కొలుత్తానక్కా. వంకరుంటే ఊడదీసి మళ్లీ బిగిత్తాను. లేకపోతే ఆ మాట మీరు రేవులోనే చెప్పాలి. మీకు నేను సర్టిఫికెట్, నాకు మీరు సర్టిఫికెట్" అన్నాడు.

మర్నాడు రసమట్టం తెచ్చి, క్యాలెండరు పక్కకి జరిపి, బోర్డు మీద పెట్టాడు. గాజు గొట్టంలో బుడగ సరిగ్గా మధ్యలో నిలబడింది.

"ఆ బుడగే వంకరేమో" అంది నూకరత్నం.

అతను రసమట్టాన్ని తిప్పి పెట్టాడు. బుడగ మళ్లీ మధ్యలోనే. తర్వాత పక్కనున్న ద్వారబంధానికి నిలువుగా ఆనించాడు. బుడగ ఒక పక్కకి పారిపోయింది. వంకరంతా గుమ్మంలో ఉంది. దాని పక్కన తిన్నగా ఉన్న బోర్డు వంకరగా కనపడుతోంది. ఆ గుమ్మం నిలబెట్టింది నూకరత్నం సొంత అన్న, వడ్రంగి పనిలో తనను మించినవాడు లేడనే పల్లంరాజు.

ఇక టెస్టు మొదలైంది. వైర్లలో లీకేజీ చెప్పే మెగ్గరు పెట్టెతో వీరబాబు ఒక్కో గదీ చూసుకుంటూ వచ్చాడు. హాలు లైను దగ్గర ఆగిపోయాడు.

"లీకేజీ ఉందండి."

"చూశావా మరి!" నూకరత్నం ముఖం వెలిగిపోయింది.

అతను క్యాలెండరు తీసి, మేకు పీకాడు. మేకు మొనకి వైరు మీది ఎర్రటి ప్లాస్టిక్ తొక్క అంటుకుని ఉంది. "ఈ మేకెవరు కొట్టారండి?"

రాముడు శ్లాబు వైపు చూడసాగాడు.

"నేనే" అంది నూకరత్నం.

"కరెంటొచ్చాక కొట్టుంటే మీకు షాక్ కొట్టేదక్కా" అన్నాడు వీరబాబు. మేకు కొట్టిన చేతిని ఇంకో చేత్తో పట్టుకుని నూకరత్నం నేలమీద కూర్చుంది.

వీరబాబు ఆ వైరు లాగి కొత్తది వేశాడు. మళ్లీ టెస్టు చేశాడు. జేబులోంచి కాగితం తీసి సంతకం పెట్టి, స్టాంపు వేసి ఆమె చేతిలో పెట్టాడు.

"నేనింకా రేవులో చెప్పలేదు కదా?" అంది.

"దానికీ దీనికీ ముడెట్టకూడదక్కా. ప్రాణాల మీదకొచ్చే పనికి పంతం ఏంటి? నాదీ తప్పే."

మర్నాడు రేవులో నూకరత్నం చేపల డబ్బా బోర్లించి దానిమీదెక్కింది. "వినండర్రా! వీరబాబు బోర్డు తిన్నగా ఉంది! లైను బాలేదంటే నా మేకు వల్లే! వంకరంతా మా అన్న పల్లంరాజు గుమ్మంలో ఉంది!"

గుంపులో వెనకాల నిలబడి రొయ్యలు బేరమాడుతున్న పల్లంరాజు రొయ్యలక్కడే వదిలేశాడు. "అయితే గృహప్రవేశానికి పుట్టింటి చీర కూడా వీరబాబునే పెట్టమను!" అని వెళ్లిపోయాడు.

మీటరు నాలుగు రోజుల్లో వచ్చింది. అన్న మాత్రం రాలేదు. నూకరత్నం రోజూ కూర పంపింది. గిన్నె ఖాళీగా తిరిగొచ్చేది, మాట వచ్చేది కాదు. ముహూర్తానికి ముందు రోజు పల్లంరాజు చీర సంచి ఒక చేత్తో, సుత్తి ఒక చేత్తో దిగాడు. సంచి రాముడి చేతిలో పెట్టి, గుమ్మం ఊడదీసి, సాయంత్రానికల్లా మళ్లీ నిలబెట్టాడు. ఈసారి వీరబాబు పక్కనుండి పట్టుకున్నాడు.

"ఇప్పుడెలా ఉంది?" అని పల్లంరాజు చెల్లెల్ని అడిగాడు.

నూకరత్నం తల అటు వంచింది, ఇటు వంచింది. రాముడు గట్టిగా దగ్గాడు.

"బాగుందన్నయ్యా" అని, లైటు వేసి, ముగ్గురికీ భోజనం వడ్డించడానికి లోపలికి నడిచింది.