నోటి కబురు

మధ్యాహ్నం అన్నం దగ్గర ఉమామహేశ్వరి ఏనాడూ తొందరపడేది కాదు. రొయ్యల షెడ్డులో పని మధ్య దొరికే విడుపు కాసేపే. మిగతా ఆడవాళ్ళు గబగబా నాలుగు ముద్దలు మింగి లేచేవాళ్ళు. ఆమె మాత్రం ఒక్కో ముద్దా నిదానంగా నమిలి తినేది. ఆమె ఏం తిన్నా ఆ రుచి సముద్రం మీదున్న వాళ్ళ నాన్న అంకయ్య నోటికి తెలిసేది మరి. ఆమెకి అన్నప్రాసన అయిన రోజు నుంచీ అంతే. రోజుల తరబడి ఉప్పుచేప, నీళ్ళపులుసు తిని నోరు చచ్చిపోయిన మనిషి, ఆ వేళకి వలల కుప్ప మీద చేరగిలబడి కళ్ళు మూసుకునేవాడు.

"ఏం బాబాయ్, ఇవాళ ఇంట్లో ఏంటి?" అని బోటులో కుర్రాళ్ళు అడిగేవాళ్ళు.

"గోంగూర. ఉల్లిపాయ కూడా కొరుకుతోంది నా తల్లి."

నిజాంపట్నంలో ఇది అందరికీ తెలిసిన సంగతే. షెడ్డులో ఎవరు కొత్త పచ్చడి తెచ్చినా, "కొంచెం వేసుకో ఉమా, మీ నాన్న తింటాడు" అని ఆమె గిన్నెలో వేసేవాళ్ళు. రుచి ఇటు నుంచి అటు వెళ్ళడమే గానీ, అటు నుంచి ఇటు ఏమీ వచ్చేది కాదు.

ఆ ఏడాది సెప్టెంబరు ఆఖర్లో వాయుగుండం పట్టింది. ఒరిస్సా వైపు పోతుందంటే బోట్లన్నీ ధైర్యంగా వేటకెళ్ళాయి. తీరా అవి లోపలికి పోయాక బాపట్ల వైపు తిరిగిందని రేడియోలో చెప్పారు. హార్బరులో ప్రమాద సూచిక ఎగరేశారు. వైర్‌లెస్ ఉన్న బోట్లు ఒకదాని వెనక ఒకటి వచ్చేశాయి. రేపల్లెలో ఉండే ఓనరు కరీముల్లా బోటు మాత్రం రాలేదు. దాంట్లో సెట్టు పాడై నెలయింది. అందులో అంకయ్య, బోటు నడిపే సరంగు ముత్తయ్య, మరో నలుగురు ఉన్నారు.

మర్నాడు పొద్దున్నే కరీముల్లా రేపల్లె నుంచి స్కూటర్ మీద అంకయ్య ఇంటికొచ్చాడు. ముత్తయ్య పెళ్ళాం అంకమ్మ అప్పటికే అరుగు మీద కూర్చుని ఏడుస్తోంది.

"మత్స్యశాఖ ఆఫీసులో అడిగానమ్మా. రేపు మధ్యాహ్నానికి తీరం దాటుతుందంట. మన బోటు ఎక్కడుందో ఎవరికీ తెలీదంటున్నారు," అన్నాడు కరీముల్లా.

ఉమామహేశ్వరి కళ్ళు ఎర్రగా ఉన్నాయి. తుఫాను సంగతి నాన్నకి ఎలాగైనా తెలియాలని పచ్చిమిరపకాయలు నమిలింది. ఉప్పు గుప్పెళ్ళతో బుక్కింది.

"మిరపకాయలు తింటే కూరలో కారం ఎక్కువైందనుకుంటాడు," అంది తల్లి అంజమ్మ. "ఉప్పా, సముద్రం మీద నోరంతా ఉప్పే. వేపాకు నమిలితే జ్వరమొచ్చి కషాయం తాగిందనుకుంటాడు. ఇవేం పనికిరావు."

"మరేం తినమంటావే?" అంది ఉమామహేశ్వరి.

అంజమ్మ గోడ వైపు తిరిగింది. అటే చూస్తూ అంది. "మందు."

అంకమ్మ ఏడుపు ఆపి తలెత్తింది. అంకయ్య ఒకప్పుడు ఎంత తాగుబోతో ఆ పేటలో అందరికీ తెలుసు. ఎక్కడ పడితే అక్కడ పడిపోతే మోసుకొచ్చేవాళ్ళు. ఉమామహేశ్వరి పదో తరగతిలో ఉండగా, కూతురి తల మీద చెయ్యేసి ఒట్టు పెట్టి మానేశాడు. ఆ పిల్ల మందు వాసనొస్తేనే అక్కణ్ణుంచి లేచిపోయేది.

"ఇది మందు ముట్టిందంటే ఇంటి దగ్గర ఏదో కొంప మునిగిందని ఆయనకి తెలుస్తుంది. ఎవరు ఆపినా ఆగడు, తిరిగొచ్చేస్తాడు," అంది అంజమ్మ.

"నా చేతుల్తో నేనే నాన్న నోట్లో మందు పొయ్యాలా అమ్మా?"

"మనిషంటూ వస్తే ఆ సంగతి తర్వాత చూసుకుందాం. లెయ్యి."

వాళ్ళ ఖర్మ కొద్దీ ఆ రోజు గాంధీ జయంతి. వైన్ షాపులన్నీ మూసేశారు. ఈదురుగాలికి కల్లు గీసేవాళ్ళు చెట్లెక్కలేదు. నాటుసారా కాచేవాళ్ళని ముందు వారమే పోలీసులు పట్టుకుపోయారు. కరీముల్లా ఉమామహేశ్వరిని స్కూటర్ ఎక్కించుకుని రేపల్లె అంతా తిప్పాడు. ప్రతి షట్టరుకీ తాళమే.

"నా బతుకులో వైన్ షాపు మెట్టెక్కలేదమ్మా. ఇవాళ ఎక్కుదామంటే ఒక్కటీ తెరిచి లేదు," అన్నాడు. గాలికి స్కూటర్ పక్కకి లాగేస్తోంది.

"తెనాలి వెళ్దామా బాబాయ్?"

"అక్కడా ఇంతే కదమ్మా." అంటూనే సడన్‌గా బ్రేకు వేశాడు. "జార్జి! స్టేషన్ వెనకాల ఉంటాడు. విదేశీ ఓడల్లో వంట చేసి రిటైరయ్యాడు. ఆయన దగ్గర ఏమన్నా ఉండొచ్చు."

జార్జి దగ్గర ఉంది. ఒకే ఒక్క సీసా. ఓడ దిగేటప్పుడు కెప్టెన్ చేతికిచ్చి కౌగిలించుకున్నాడంట. మనవరాలి పెళ్ళి నాడు తెరుద్దామని ముసలాయన దాన్ని బట్టల పెట్టెలో దాచుకున్నాడు. సంగతంతా విని సీసాని అటూ ఇటూ తిప్పి చూసుకున్నాడు.

"బోటులో ఎంతమందమ్మా?"

"ఆరుగురండి."

ముసలాయన గరిటె కాడతో మూత లేపాడు.

అది ఇంజన్ ఆయిలులా నల్లగా, చిక్కగా గ్లాసులోకి దిగింది. పైన కాఫీరంగు నురగ. "బీరే గానీ మనవాళ్ళు తాగే బీరు కాదు. స్టౌట్ అంటారు. చలి దేశాల్లో భోజనమయ్యాక స్వీటు బదులు తాగుతారు. మామూలు బీరుకి రెండింతలు ఘాటు," అన్నాడు జార్జి.

ఉమామహేశ్వరి ముక్కు మూసుకుని ఓ గుక్క నోట్లో పోసుకుంది. వాంతి వస్తుందనుకుంది. రాలేదు. ముందు కాఫీ డికాషన్ తగిలింది. దాని వెనక ముదిరి మాడబోయే బెల్లప్పాకం. ఆపైన బేకరీ ముందు నడుస్తుంటే వచ్చే కేకు వాసన, ఎక్కడో అడుగున ఎండుద్రాక్ష. బాగుంది. బాగున్నందుకే ఆమెకి గుండె జారిపోయింది.

"తాతగారూ, ఇది తియ్యగా ఉందండి! నాన్న పాయసం అనుకుంటాడు. మేమంతా సుఖంగా ఉన్నామనుకుని ఇంకా లోపలికి పోతాడు!"

కరీముల్లా మొహం పాలిపోయింది. జార్జి మాత్రం గ్లాసు మళ్ళీ నింపాడు. "మింగమాక. నోట్లోనే ఉంచు. తీపి పోయేదాకా ఉంచితే అసలుది బయటపడుద్ది."

ఆమె ఉంచింది. చిగుళ్ళు మండాయి. నాలుక మొదట్లో చేదు పేరుకుంది. మింగితే గొంతు నుంచి పొట్ట దాకా నిప్పు పాకినట్టయింది. మళ్ళీ తాగింది. ఒక్కో గుక్కకీ ముందు ఆ పాడు తీపే వచ్చేది. కళ్ళు మూసుకుని లోపలే అరిచింది. 'నాన్నా, ఇది పాయసం కాదు. ఇది పాయసం కాదు.' సీసా అయిపోయేసరికి గది ఒక పక్కకి వాలిపోయింది.

తిరుగు దారిలో స్కూటర్ మీద ఆమె తూలుతుంటే చూసిన జనం నోళ్ళు నొక్కుకున్నారు. కాలవ గట్టు మీదికి రాగానే ఆపమని కరీముల్లా వీపు మీద కొట్టింది. దిగి, గట్టు మీద కూలబడి, తాగిందంతా కక్కుకుంది. అంతా పోయింది. కష్టపడి పంపిన కబురంతా ఆ మట్టిలో ఇంకిపోతోందని ఏడ్చింది.

"పర్లేదమ్మా, పర్లేదు," అంటూ కరీముల్లా కాలవలోంచి దోసిలితో నీళ్ళు తెచ్చాడు.

ఆ రోజంతా బోటు జాడ లేదు. పేట జనాన్నంతా తుఫాను షెల్టరుకి తరలించారు. అంకమ్మ ఉమామహేశ్వరి పక్కనే కూర్చుని ఆమె చెయ్యి వదల్లేదు. మర్నాడు తెల్లారాక, వర్షపు తెర చీల్చుకుంటూ కరీముల్లా బోటు ఏరు సముద్రంలో కలిసే మొగలోకి దూరింది. ఆరుగురూ దిగారు. మధ్యాహ్నానికి తుఫాను తీరం దాటింది.

షెల్టరులో ముత్తయ్యే చెప్పాడు అందరికీ. "ముందు ఈయన నవ్వాడు. ఇంట్లో కొత్త స్వీటేదో చేశారు, అబ్బాయిలూ, ఎంత బాగుందో అన్నాడు. మేం ఇంకో వల దింపాం. కాసేపటికి మొహం నల్లబడింది. నోట్లో తీపంతా పులిసి పైకి తన్నింది, ఇది తాగి కక్కుకున్న నోరు, నాకు తెలీదా అన్నాడు. బోటు తిప్పమన్నాడు. వలలో చేప ఉంది, తిప్పనన్నాను. కత్తి తీసి వల తాళ్ళు తెగ్గోసేశాడు. నేనేం చేస్తాను, తిప్పాను."

వల సంగతి కరీముల్లా అడగలేదు.

అంకయ్య మాత్రం ఓ మూల గోడకి తిరిగి పడుకున్నాడు. మూడో రోజు ఎండ కాసింది. ఇళ్ళకొచ్చారు. సాయంత్రం అంకయ్య చొక్కా తొడుక్కుని గుమ్మం దగ్గర నిలబడ్డాడు. బజార్లో వైన్ షాపు షట్టరు తీసిన చప్పుడు వినపడింది. ఆయన పెదాలు తడుపుకుంటున్నాడు.

"ఎక్కడికి?" అంది అంజమ్మ.

"నోరంతా అదేనే. పడుకున్నా అదే. కాస్త… ఒక్కసారి…"

అంజమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఉమామహేశ్వరి వంటింట్లోకి వెళ్ళి కంచంలో అన్నం పెట్టుకొచ్చింది. తండ్రికి అడ్డంగా గుమ్మంలోనే కూర్చుంది.

"కూర్చో నాన్నా."

ఆయన కూర్చోలేదు. ఆమె తినడం మొదలెట్టింది. నిమ్మకాయ పచ్చడి నంజుకుని తింది. చింతపండు చారు పోసుకుని తింది. ముద్దకీ ముద్దకీ మధ్య ఆయన నోరు ఖాళీగా ఉండకూడదని గబగబా తింది. అంకయ్య గొంతు ముడి పైకీ కిందికీ కదులుతోంది. కాళ్ళు మాత్రం బజారు వైపే తిరిగున్నాయి.

కంచం ఖాళీ అయ్యేసరికి వీధిలోంచి చూస్తున్న అంకమ్మ వేయించిన చేపముక్కలు తెచ్చింది. ఇంకొకావిడ అరటిపళ్ళు తెచ్చింది. ఎవరో వేడివేడి పెసరట్టు తెచ్చారు. ఆ బోటులో తిరిగొచ్చిన మగవాళ్ళ ఇళ్ళన్నీ కదిలొచ్చాయి. అందరూ గిన్నెలు ఆమె ముందు పెట్టి పక్కన నిలబడ్డారు. ఉమామహేశ్వరికి పొట్ట పగిలిపోతోంది. ఆయాసంతో చెమటలు పట్టాయి. అయినా ఇంకో ముక్క తుంచి నోట్లో పెట్టుకుంది. నమలలేక నమలలేక నమిలింది.

అంకయ్య చటుక్కున వంగి ఆమె చెయ్యి పట్టుకున్నాడు.

"చాలమ్మా," అన్నాడు. "చాలు. నాకు నిండిపోయింది."

చొక్కా విప్పేసి, కూతురి పక్కనే గుమ్మంలో కూర్చున్నాడు.