అక్షింతల తుపాకి

తిప్పేష్‌ది గుత్తిలో పాత సామాన్ల వ్యాపారం. వానలు మొహం చాటేసిన ఏడు అతనికి సరుకు బాగా దొరికేది. సేద్యం చితికిన ఇళ్లలోంచి ముందు గంగాళాలు, తర్వాత చెక్కడపు తలుపులు, ఆఖరుకు గోడకు వేలాడే తుపాకులు బయటికొచ్చేవి. తెల్లదొరల ఫౌజులో కొలువు చేసిన తాతముత్తాతలు తెచ్చుకున్న రైఫిళ్లవి, మూతి నుంచి తుపాకిమందు కూరే రకం. పేలవు కాబట్టే అమ్ముకోగలిగేవాడు. బెంగళూరులో అలాంటివి సేకరించే ఆసామి ఒకడు వాటికోసం ఎదురు చూస్తుండేవాడు.

వాటిని బాగుచేసేది కమ్మరి లింగన్న. తుప్పు కింద దాగిన ముద్రలు చెదరకుండా, విరిగిన కొయ్యకు వేసిన అతుకు కనపడకుండా పనిచేసేవాడు. నాగళ్ల పని ఆగిపోయాక అతని కొలిమి ఈ తుపాకుల మీదే మండింది. ప్రతి మనిషినీ రాబడి, పోబడి అని చూసే తిప్పేష్ లెక్కకు బయట ఉంచుకున్నది లింగన్న ఒక్కడినే. ఇద్దరూ ఒకే బీడీకట్టలోంచి తీసుకునేవారు.

ఆ వేసవిలో గొర్రెల మేతకు దారిలేక లక్ష్మక్క అనే ముసలామె తన ఇంటి రైఫిలు అమ్మజూపింది. పొయ్యిగది గోడ మీద పొగచూరి ఉంది. మూతి నిండా గట్టిపడిన పసుపు బియ్యం.

"దసరా దసరాకు దీని నోట్లో అక్షింతలు పోస్తాంటిమి నాయనా. మా అత్త పోసె, వాళ్లత్త పోసె" అన్నది ఆమె.

తిప్పేష్ బేరం ఆడి కొన్నాడు. ఇంత మంచి ముక్క తన చేతికి ఎన్నడూ రాలేదని అతనికి తెలుసు.

లింగన్న మూతి దగ్గరి బియ్యం పొడిచి తీసి, గొట్టంలోకి ఇనుపచువ్వ దించాడు. చువ్వ మీద గీత పెట్టుకుని, బయటికి తీసి, గొట్టం పక్కన ఆనించి చూశాడు. జానెడు తక్కువైంది.

"అడుగున ఏందో ఉండాది" అన్నాడు.

"ఏముంటాదప్పా, అక్షింతలే. తరాల బియ్యం" అన్నాడు కొలిమి పక్కనే కూర్చున్న తిప్పేష్.

"బియ్యం కింద మందుంటే? నీళ్లు పోసి వారం పెడదాం అన్నా. నానితే ఏదైనా సచ్చిపోతాది."

తిప్పేష్ మనసులో లెక్క వేసుకున్నాడు. బెంగళూరు ఆసామి టార్చిలైటు వేసి గొట్టం లోపలి మెలికల గాడులే చూస్తాడు. వారం నీళ్లు నిలిస్తే ఆ గాడులు తుప్పు తింటాయి. పైగా ఆదివారమే వస్తానన్నాడు. ఇక మందంటావా, నూరేళ్లు దాటినది ఏది మిగులుతుంది?

"నీళ్లు పోస్తే సరుకు పోతాది. గొట్టం ఎనక మూసిన తోకమర వేడి చేసి తిప్పు. బియ్యం ఎనక నుంచి వస్తాయి."

లింగన్న చువ్వ పక్కన పెట్టాడు. నువ్వంటే సరేలే అని, గొట్టం తోకను బొగ్గుల్లో పెట్టి కొలిమి గాలిచక్రం తిప్పాడు.

అన్నీ చివికి మట్టైపోయే తడినేలల లెక్క తిప్పేష్ ఈ నేలకు వేశాడు. ఇక్కడ చివకడానికి చెమ్మ ఏది? కరువు గాలిలో, పొయ్యి సెగ మీద, అక్షింతల బిరడా కింద ఆ మందు నిన్న కూరినట్టే ఉండిపోయింది. లింగన్న పట్టకారుతో వంగి మరను తిప్పబోతుండగా పేలింది. మర ఎగిరి గోడలో దిగింది. కొలిమిలోని నిప్పులన్నీ అతని మొహాన పడ్డాయి.

కర్నూలు ఆసుపత్రిలో ఒక కన్ను తీసేశారు. రెండోదానికి వెలుగు, చీకటి తప్ప ఇంకేమీ తెలియదని పెద్ద డాక్టరు చెప్పాడు.

మూడో పూట వార్డులోకి కానిస్టేబులు వచ్చాడు. పేలింది కాబట్టి అది ఇప్పుడు అలంకారపు తుపాకి కాదు, లైసెన్సు లేని ఆయుధమన్నాడు. కొలిమిలో పెట్టమని ఎవరు చెప్పారని అడిగాడు. లింగన్న కట్లతో కదలకుండా పడుకుని ఉన్నాడు. భార్య మల్లీశ్వరి మంచం పట్టె పట్టుకుని తిప్పేష్ వైపు తిరిగింది.

"అన్నా, నీళ్లు పోద్దామని ఆయన అన్లేదా? యా పాత గొట్టమైనా నీళ్లు పోసిగానీ ముట్టడు గదా. ఆ పొద్దు ఎందుకు పోయలే?"

అవునంటే కేసు, కోర్టు, దుకాణానికి తాళం, లింగన్న ఇంటి బరువు బతికినన్నాళ్లూ. కాదంటే పనివాడి అజాగ్రత్త, అంతటితో సరి. లెక్క తేలడానికి తిప్పేష్‌కు ఊపిరి తీసుకున్నంత సేపు కూడా పట్టలేదు.

"అన్లేదమ్మా. నేను ఆడ లేను. వచ్చేసరికే పెట్టేసినాడు."

మంచం మీద తల కదిలింది. అప్పటిదాకా అతను నిద్రపోతున్నాడనే తిప్పేష్ అనుకున్నాడు.

"నేను అన్లేదులే మల్లీ" అన్నాడు లింగన్న. "అడగొద్దు ఆయప్పను. పోనీ."

కానిస్టేబులు రాసుకుని వెళ్లిపోయాడు. మల్లీశ్వరి కొంగు నోట్లో కుక్కుకుని వరండాలోకి నడిచింది. తిప్పేష్ స్టూలు దగ్గరికి జరుపుకుని, దుప్పటి మీదున్న లింగన్న చేతి మీద చెయ్యి వేశాడు. ఆసుపత్రి ఖర్చంతా తనదేనని, కొడుకును దుకాణంలో పెట్టుకుంటానని చెప్పాడు. ఇంకా ఏవేవో చెప్పుకుంటూ పోయాడు.

లింగన్న ఆ చేతిని మెల్లగా లాక్కుని, దుప్పటి కిందికి దాచుకున్నాడు.