ఆ పేరుగల స్త్రీ ఈ గ్రామమున లేదు

“ఇవాళో రేపో ఎవరి పిల్లో ఆ నూతిలో పడిపోద్ది, సూడండత్తా,” అంది నూకరత్నం, చేటలో పప్పు ఏరుతూ.

అప్పటికింకా ఏమీ జరగలేదు. అరుగు మీద చుట్ట నిప్పువైపు నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగుతున్న దేముడమ్మ దాన్ని బయటికి తీసి కోడలి వంక గుర్రుగా చూసింది. “నీ నోట మంచి మాటే రాదేటే? పైన తథాస్తు దేవతలుంటారు. పాడు నోరు!”

పాడు నోరే కావచ్చు. కూతురు చిన్నమ్మలు నాలుగు తుమ్ములు తుమ్మితే జ్వరమనీ, బడి నుంచి కాస్త ఆలస్యమైతే బండి కింద పడిందనీ, నూకరత్నం మనసు ఎప్పుడూ చెడ్డవైపే పరుగెత్తేది. కానీ నూతిగోడ సంగతి మనసు కల్పించింది కాదు. అనకాపల్లి నుంచి కశింకోట వెళ్లే దారిలో ఉన్న ఆ పల్లెలో అందరికీ అదొక్కటే మంచినీళ్ల నుయ్యి. కిందటేడు బెల్లం వంటల రోజుల్లో పంచాయతీ బోర్డు ప్రెసిడెంటు అప్పలరాజుగారు తన తోటలో కొత్త పొయ్యి కట్టించుకుంటూ, “యుద్ధం అవ్వగానే మళ్లీ కట్టిత్తాం లెండి,” అని ఆ నూతిగోడ రాళ్లు బండి మీద తోలించుకుపోయేడు. యుద్ధం అయిపోయి ఏడాదైనా గోడ రాలేదు. నేలకి సమంగా నోరు తెరుచుకుని ఉండిపోయింది నుయ్యి.

ఆమె అన్న మూడో రోజునే పక్కింటి జన్నత్ బీ కూతురు కాలు జారి అందులో పడింది. చెరుకు బళ్ల వాళ్లు దిగి తీసేరు కాబట్టి బతికింది, చెయ్యి మాత్రం విరిగింది. ఊరందరి ముందూ దేముడమ్మ కోడలి మీద విరుచుకుపడింది. “అనకే అనకే అని మొత్తుకున్నాను! పసిదాని మీదకి తెచ్చింది!” ఆ సాయంత్రం భర్త త్రినాధరావు కూడా అదే అన్నాడు, కాకపోతే మెల్లిగా. “నువ్వు నోరు మూసుకుంటే ఈ ఇంటికి సగం దరిద్రం వదులుద్ది.”

నోటితో అనకూడదు. సరే. మర్నాడు పెరటి దడి దగ్గర జన్నత్ బీ చీర కొంగుతో కళ్లు తుడుచుకుంటూ, “సిన్నమ్మలు తల్లీ, నీకు అచ్చరాలొచ్చు గదా, కలక్టరు దొరకి ఓ ముక్క రాయి,” అంటే నూకరత్నం చేత్తో రాసింది. ఐదో తరగతి దాకా చదివిన చెయ్యి అది. త్రినాధరావు ఆ బోర్డు గుమస్తా. ఎనిమిదేళ్లుగా అతను తెచ్చిన చిత్తు కాగితాలకి సాపు ప్రతులు తీసేది ఆమే. గంజి వార్చి, గిన్నెలు తోమి, చెయ్యి తుడుచుకుని కూర్చుని బోర్డు తీర్మానాలు రాసేది. “త్రినాధరావు రాత ముత్యాలండీ,” అని పై ఆఫీసుల వాళ్లు మెచ్చుకున్నారని ఇంటికొచ్చి మురిసిపోయేవాడు. ఆమె కూడా మురిసేది, పిచ్చిది.

అర్జీ కింద ఎవరి పేరు పెట్టాలి? జన్నత్ బీ కాపురం ఉండేది ప్రెసిడెంటుగారు అద్దెకిచ్చిన ఇంట్లోనే, పేరు బయటపడితే సామాన్లు వీధిలో ఉంటాయి. నూకరత్నం ఒక పూటంతా ఆలోచించి తన పుట్టింటి పేరు పెట్టింది. కర్రి నూకరత్నం. ఈ ఊళ్లో ఆమె గుమస్తాగారి పెళ్లాం, దేముడమ్మ కోడలు, చిన్నమ్మలు తల్లి. పెళ్లయి వచ్చిన నాటి నుంచి ఆ పేరుతో ఎవరూ పిలిచిన పాపాన పోలేదు. ఎవరికీ తెలియని పేరు వెనక దాక్కుంటే భయం లేదనుకుంది. జన్నత్ బీ భర్త సైదా సాహెబ్ అనకాపల్లి బజారుకి వెళ్తూ ఆ అర్జీని పోస్టు డబ్బాలో వేసేడు. ఎక్కడో విశాఖపట్నంలో పెద్ద దొర చదువుతాడు, కోప్పడతాడు, గోడ లేస్తుంది. అంతే అనుకుంది.

గోడకి కొట్టిన బంతిలా ఆ కాగితం తిరిగి ఆమె ఇంటికే వచ్చింది. కలెక్టరు ఆఫీసు నుంచి పంచాయతీ ఆఫీసరుకి, ఆయన దగ్గర నుంచి “విచారించి సమాధానమివ్వవలెను” అని బోర్డు ప్రెసిడెంటుకి, ప్రెసిడెంటు దగ్గర నుంచి జవాబు రాయమని గుమస్తాకి. ఎవరి మీద ఫిర్యాదో వాళ్లనే విచారించమంటారని నూకరత్నానికి ఎవరు చెప్పేరు? త్రినాధరావు సంచీలోంచి దాన్ని తీసి పీట మీద పెట్టి, వీధి తలుపు మూసి వచ్చేడు.

“ఈ రాత ఎవరిదో నాకు తెలీదనుకున్నావా?” అన్నాడు. “పెసిడెంటుగారు పోల్చుకోలేదు కాబట్టి బతికేం. ఉజ్జోగం పోతే నువ్వూ నీ కూతురూ ఏటి తింటారు? కలం తియ్యి.”

అతను చెప్పేడు, ఆమె రాసింది. “విచారించగా, అర్జీదారు కర్రి నూకరత్నం అను పేరుగల స్త్రీ ఈ గ్రామమున లేదు. నూతిగోడ పటిష్ఠముగా నున్నది.”

“అలా గుండ్రంగా రాయకు. కొంచెం వాల్చి రాయి, అర్జీ రాతతో కలవకూడదు,” అన్నాడు.

అక్షరాలు వాల్చి రాసింది. లేదు, లేదు అని తన చేత్తోనే తాను లేదని రాస్తుంటే మొదట నవ్వొచ్చింది. ఇసక అద్ది సిరా ఆరబెడుతూ ఆ ముక్క మళ్లీ చదువుకుంది. నిజమే కదా, ఈ ఊళ్లో ఆ స్త్రీ ఎక్కడుంది?

తరవాత వారం ఆఫీసరు స్వయంగా వస్తున్నాడని కబురొచ్చింది. ఒక్కరోజులో నూతి చుట్టూ గోడ లేచింది. లోపల బురద, పైన సున్నం. తెల్లగా మెరిసిపోయింది. నీళ్లకి వెళ్లిన నూకరత్నం వేలితో గుచ్చి చూస్తే గోరంతా లోపలికి దిగిపోయింది. ఇంటికి వచ్చేసరికి చిన్నమ్మలు గెంతుతూ ఎదురొచ్చింది. “అమ్మా, గోడ కట్టేసేరు! ఇంక నేనే తోడతాను. గోడకి ఆనుకుంటే బిందె బరువుండదంట!”

గోడ లేనప్పుడు పిల్లలు భయపడి దూరంగా నిలబడేవారు. ఇప్పుడు నమ్మి ఆనుకుంటారు. ఆ మాట అత్తతో అనబోయి ఊరుకుంది. పాడు నోరు.

ఆఫీసరు నూతి ఎదురుగా, గుమస్తాగారి ఇంటి అరుగు మీదే కూర్చున్నాడు. ఆయనకి భోజనం ఆ ఇంట్లోనే. ఉదయం నుంచి నూకరత్నం పొయ్యి దగ్గరే ఉంది. మజ్జిగ గ్లాసులు పట్టుకుని గుమ్మం దాకా వస్తే త్రినాధరావు అందుకున్నాడు. ఆఫీసరు గోడ వైపు చూసేడు.

“గోడ బాగానే ఉందే?”

“చిత్తం. గిట్టనోళ్ల రాతలండీ,” అన్నాడు అప్పలరాజుగారు.

“అర్జీదారు వచ్చి ఇదీ సంగతి అంటే రాసుకుంటాను. రాకపోతే ఇక్కడితో మూసేస్తాను. మళ్లీ తెరిచేది ఉండదు. పిలవవయ్యా.”

బంట్రోతు పరదేశి వీధి మధ్యకి వెళ్లి గొంతెత్తేడు. “కర్రి నూకరత్నం! కర్రి నూకరత్నం! కర్రి నూకరత్నం!”

వీధిలో ఆడవాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. “ఎవుర్తే అది?” “మన ఊరిది కాదు.” దడి దగ్గర జన్నత్ బీ తల వంచుకుంది. పిలిచిన ఆ పేరు వీధి చివరిదాకా వెళ్లి ఎవరికీ తగలకుండా పోయింది. త్రినాధరావు మాత్రం గుమ్మం వైపు చూసేడు. ఆ చూపులో కోపం లేదు, బతిమాలడం ఉంది. అతన్ని అలా ఆమె ఎప్పుడూ చూడలేదు. జాలేసింది. ఉద్యోగం, బియ్యం, అత్త శాపనార్థాలు, పుట్టింటికి తోలేస్తే అన్నదమ్ముల మొహాలు, అన్నీ కళ్ల ముందు తిరిగేయి. అంతా చెడ్డే. ఎటు చూసినా చెడ్డే. కానీ ఆ చెడ్డలన్నిటినీ దాటుకుని ఎదురుగా, నిజంగానే ఒకటి కనిపించింది: తెల్లటి గోడ, దాని పక్కన బిందెతో చిన్నమ్మలు, గోడ మీద వెయ్యబోతున్న మోచెయ్యి.

ఆఫీసరు కలం మూత తీసేడు. కలం కాగితం మీద ఆనింది.

“నేనేనండి,” అంది నూకరత్నం గుమ్మం దాటి. “సిన్నమ్మలూ, ఇలా రా, దాన్ని ముట్టుకోకు. బాబూ, మీరు రాసేముందు, పెసిడెంటుగారిని ఒక్కసారి ఆ గోడకి ఆనుకుని నిలబడమనండి.”