మంచం వెడల్పు

ఫిబ్రవరిలో నా భార్య ఐలి పోయింది. అప్పటి నుంచి వంటింట్లో గోడవారనున్న చెక్కబల్ల మీద పడుకుంటున్నాను. మా పాత మంచాన్ని ముక్కలు చేసి పెరట్లో ఆవిరిస్నానాల గది, సౌనా, పొయ్యిలో పెట్టేశాను. ఎందుకని ఎవరూ అడగలేదు. అడిగితే చెప్పేవాణ్ణి కూడా కాదు.

అది దుకాణంలో కొన్న మంచం. పెళ్ళైన వారానికే కిర్రుమనడం మొదలుపెట్టింది. మంచి మంచం నేనే చేస్తానని ఐలికి ముప్పై ఏళ్ళు చెప్పాను. ఆరేళ్ళ కిందట మా అడవిలో రెండు పైన్ చెట్లు కొట్టి, పలకలు కోయించి పాకలో ఆరబెట్టాను. అవి రెండేళ్ళలో ఆరాయి. మిగిలిన నాలుగేళ్ళలో నేనేం చేశానో నాకు గుర్తు లేదు. ముఖ్యమైనదేదీ చేయలేదని మాత్రం తెలుసు.

సెప్టెంబరులో నడుం పట్టేసింది. ఆ బల్ల మీద ఇంకో చలికాలం పడుకుంటే కర్ర లేకుండా నడవలేవని డాక్టరమ్మ చెప్పింది. కాబట్టి మంచం కావాలి. మంచు ముదరకముందే కావాలి.

మంచం ఎలా చేస్తే బాగుంటుందని నోరు జారి మా అమ్మాయి మెర్విని అడిగాను. మెర్వి ఓలు పట్టణంలో ఉంటుంది. తల్లి అంత్యక్రియలకు వచ్చి రెండు రోజులుంది. మూడో రోజుకి పని ఉందంది. నేను మర్చిపోలేదు.

మర్నాడు ఫోన్ చేసింది.

"నాన్నా, బొమ్మలు చూశావా? నలభై రెండు పంపాను."

"చూశాను."

"ఏది నచ్చింది?"

"తాళ్ళతో వేలాడేది ఎవరికి? కోతికా?"

"ఇప్పుడందరూ అలాంటివే చేయించుకుంటున్నారు నాన్నా."

"అందరూ కింద పడతారు."

"పోనీ, గోదాముల్లో సరుకు కింద వేసే చెక్కలతో చేసింది? సులువు కూడా."

"అది బస్తాలు పెట్టుకోడానికి. నేనింకా బస్తాని కాలేదు."

"నీతో మాట్లాడటం కన్నా గోడతో మాట్లాడటం నయం! సరే, ఏదో ఒకటి చెయ్యి. చిన్నది చేసుకో. ఒక్కడివేగా, గదిలో చోటు మిగులుతుంది."

ఫోన్ పెట్టేశాను.

మా ఊరి బడి మూసేసి పదేళ్ళైంది. నేను ఆరేళ్ళు చదివింది అందులోనే. ఇప్పుడు ఆ గదిలో ప్రతి మంగళవారం పొద్దున పెద్దవాళ్ళకి వడ్రంగం నేర్పుతారు. చిత్రికపట్టే యంత్రం అక్కడే ఉంది. అందుకే వెళ్ళాను, నేర్చుకోడానికి కాదు. నేర్పేవాడు జార్కో, టౌన్ మనిషి, నలభై ఏళ్ళుంటాయి. అక్కడ ఒక నియమం ఉంది. ఎవరు ఏం చేస్తున్నారో, పొడవు, వెడల్పు, ఎత్తు నల్లబల్ల మీద రాయాలి. అది రాయందే యంత్రం దగ్గరికి రానివ్వడు.

నేను రాశాను: ఓయివా, మంచం, పొడవు రెండు మీటర్లు, ఎత్తు యాభై సెంటీమీటర్లు. వెడల్పు దగ్గర సుద్ద ఆగిపోయింది.

మూడు మంగళవారాలు ఆ గడి ఖాళీగానే ఉంది. కాఫీకి కూర్చున్న ప్రతివాడూ దాన్నే చూసేవాడు. మా ఊళ్ళో ఎవరూ ఎవర్నీ సొంత విషయాలు అడగరు. అడగకుండానే అన్నీ తెలుసుకుంటారు. ఒంటరి మగాడు ఎనభై సెంటీమీటర్లు రాస్తే వాడి పని ఇక అయిపోయినట్టు. నూట అరవై రాస్తే ఎవరో వస్తున్నట్టు.

నాలుగో వారం వెళ్ళేసరికి ఎవరో ఎనభై అని రాసి ఉంచారు. తుడిచేశాను. అయిదో వారం నూట అరవై అని ఉంది. అదీ తుడిచాను.

మా పక్కింటి సులో పడవ తెడ్లు చెక్కుకుంటున్నాడు. పదకొండు వారాలుగా అవే తెడ్లు.

"ఒరేయ్ ఓయివా, ఎనభై చాల్రా. అటూ ఇటూ దొర్లుతావా, తొంభై వేసుకో. అంతకు మించితే హిల్కా ఆశలు పెట్టుకుంటుంది" అన్నాడు.

హిల్కా కుర్చీలకు నవారు అల్లుతోంది. ఆమె భర్త పోయి పన్నెండేళ్ళు. తలెత్తకుండానే అంది: "నాకు నా మంచం ఉంది సులో. అందులో గురక లేదు, సాక్సుల కంపు లేదు. ఎందుకు పాడుచేసుకుంటాను?"

తర్వాత నా వైపు తిరిగింది. "ఏమయ్యా, నూట అరవై వెయ్యి. మనవలొస్తే పడుకుంటారు."

"నాకు మనవలు లేరు."

"కుక్క పడుకుంటుంది."

"కుక్క లేదు."

"అబ్బా! లేనివన్నీ చెప్తావేం? ఉన్నదేదో చెప్పు."

"నడుంనొప్పి."

సులో పగలబడి నవ్వాడు. "మా తాత మంచం చూడు, పగలు ముడుచుకుంటుంది, రాత్రి లాగితే సాగుతుంది" అంటూ మళ్ళీ మొదలెట్టాడు. ఆ మంచం నాకు తెలుసు. దాంట్లో వాళ్ళ తాత సగం కూర్చునే నిద్రపోయేవాడు.

జార్కోకి విసుగొచ్చింది. గోధుమరంగు కాగితం చుట్ట తెచ్చి రెండు పట్టీలు నేలమీద పరిచాడు. మధ్యలో అతికించాడు. రెండు మీటర్ల పొడవు, నూట అరవై వెడల్పు.

"ఓయివా గారూ, దీనిమీద పడుకోండి. రోజూ ఎలా పడుకుంటారో అలాగే. మీ చుట్టూ గీత గీస్తాను. ఎంత చోటు కావాలో తేలిపోతుంది. నాకూ ప్రాణం హాయిగా ఉంటుంది."

బూట్లు విప్పి పడుకున్నాను. కళ్ళు మూసుకున్నాను. వాళ్ళ మొహాలు చూడాలనిపించక.

పెన్సిలు చప్పుడు వినబడలేదు.

"ఓయివా గారూ, మరీ అంచుకి వెళ్ళిపోయారు. కుడి చెయ్యి కాగితం దాటి నేలమీదుంది. మధ్యకి రండి."

కళ్ళు తెరిచాను. నిజమే. ఎడమ పక్కంతా ఖాళీ కాగితం. నలభై ఒక్క ఏళ్ళు నేను పడుకున్నది ఈ కుడి అంచునే.

"మధ్యకి జరగండి" అన్నాడు మళ్ళీ.

నేను జరగలేదు. సులో కాఫీ కప్పు ఎత్తుకుని కిటికీ వైపు తిరిగాడు.

"ఎలా పడుకుంటాడో అలాగే అన్నావుగా" అంది హిల్కా. "గియ్యి మరి. జరగమంటావేం?"

జార్కో గీశాడు.

లేచి, సాక్సులతోనే నల్లబల్ల దగ్గరికి వెళ్ళి నూట అరవై అని రాశాను. సుద్ద విరిగింది.

"ఎవర్రా వచ్చేది?" అన్నాడు సులో.

"ఎవరూ రారు."

"మరి?"

"రారని చెప్పానుగా. నీ తెడ్లు చూసుకో."

తర్వాత పని తేలిక. మెర్వి బొమ్మలు ఒక్కటీ వాడలేదు. నాలుగు కోళ్ళు, నాలుగు పట్టెలు, అడ్డంగా పలకలు, తలవైపు సాదా చెక్క. నడుమ అయిదో కోడు వేయమని జార్కో అన్నాడు. వేశాను. అది మంచి సలహా. అదొక్కటే.

డిసెంబరు మొదటివారంలో మెర్వి వచ్చింది. తిన్నగా పడకగదిలోకి వెళ్ళింది. మా వైపు జోడీ మంచం అంటే ఒక చట్రంలో రెండు పరుపులు, రెండు దుప్పట్లు. నేను ఒక పరుపే కొన్నాను. కుడివైపు వేశాను. ఎడమవైపు పలకలు అలాగే ఉన్నాయి.

"నాన్నా, ఇదేంటి? సగం మంచం బోసిగా! చూస్తేనే ఎలాగో ఉంది. పద, ఇంకో పరుపు నేను కొంటాను."

"వద్దు."

"ఒక్కడివే పడుకునేదానికి ఇంత పెద్దది ఎందుకు చేశావు మరి?"

"మీ అమ్మకి చేస్తానన్నది ఇంతే."

"అమ్మ లేదు కదా నాన్నా."

"ఆలస్యం నాది. మీ అమ్మ వాటా కొయ్యడానికి నేనెవర్ని?"

మెర్వి బూట్లు విప్పింది. పరుపు లేని వైపు పలకల మీద కూర్చుంది. చాలాసేపు కూర్చుంది. గుచ్చుకుంటోందని చెప్పలేదు.

"నిద్రైనా పడుతోందా?" అంది చివరికి.

"పడుతోంది."

"నడుం?"

"నిలబడుతోంది."

రెండు రోజులుంటానని వచ్చింది. ఆదివారం దాకా ఉంది.