అండాలు పీరియడ్

అండాలు తాను పాఠం చెప్పాల్సిన పీరియడ్ పోగొట్టుకున్న రోజు ఇదేనని నాకు తెలుస్తోంది, ఎందుకంటే హైస్కూలు వరండా చివర బెల్లుగా వేలాడే ఇనుప పట్టా పక్కన ఆమె బంతిపువ్వు రంగు చీర కట్టుకుని నిలబడి ఉంది, చేతిలో సుత్తి ఉంది, పదిహేనేళ్ల ఒంటి మీద పెద్దవాళ్ల చీర నిలవడానికి భుజం దగ్గర ఒకటి, నడుము దగ్గర మూడు పిన్నీసులు పెట్టుకుంది. ఆమె చనిపోయి రెండు నెలలైందని కూడా నాకు తెలుసు. ఈ రెండు సంగతులూ ఒకదానికొకటి అడ్డు రావడం లేదు.

"ఒచ్చినవా వనజా? టీచరువైనంక లేటుగ రావచ్చా ఏంది?" అంటుంది.

"బెల్లు కొట్టలేదేం?" అంటాను.

"కొడితె అయిపోతది గద. ఆరో తరగతిల పాఠం నడుస్తున్నది. జర నడవనీ."

కిటికీలోంచి వినిపిస్తున్న గొంతు నాదే. నేను వరండాలో ఉన్నాను, లోపల బల్ల ముందూ ఉన్నాను, లోపలి గొంతు పిల్లలకు ఆకుల గురించి చెబుతోంది, పిల్లలు నవ్వుతున్నారు, అండాలు తల కొంచెం వంచి, తన వంటింట్లో ఎవరో పరాయివాళ్లు వండుతుంటే వినే మనిషిలా వింటోంది.

సెప్టెంబరు ఐదు, స్వపరిపాలన దినం. ఈ ఒక్క రోజు పదో తరగతి పిల్లలే హెడ్మాస్టరు, టీచర్లు, అటెండరు. ఆడపిల్లలు ఇంట్లో అడిగి చీర కట్టుకొచ్చి కింది తరగతులకు పాఠం చెప్పాలి, అసలు టీచర్లు వెనక బెంచీల్లో కూర్చుని మార్కులు వేస్తారు, సాయంత్రం అందరి ముందూ బహుమతి ఇస్తారు. ఎవరు ఏ పని చేయాలో కాగితం మీద రాసి సంతకానికి పెట్టడం క్లాసు లీడరు పని. లీడరును నేను. ఆ కాగితం నోటీసు బోర్డు మీద ఉంది, గాలి లేకపోయినా కదులుతోంది. ఆరో తరగతి సైన్సు అన్న చోట వనజ అని, అటెండరు అన్న చోట అండాలు అని నా గుండ్రటి రాత. సైన్సుకు పేరు ఇచ్చింది అండాలు. వారం ముందే ఇచ్చింది.

"నడువు, కాళ్లు గుంజుతున్నయి," అంటుంది. మేమిద్దరం వరండా వెంట నడుస్తుంటే వరండా అయిపోదు, కాళ్ల కింద గచ్చు మెత్తబడుతుంది, చూస్తే అన్నీ నానబెట్టిన తునికాకులు, బీడీలకు కత్తిరించడానికి వాళ్లమ్మ గోనెసంచిలో చుట్టి పెట్టేవి, వాటి తడి వాసనా తంబాకు ఘాటూ ముక్కులోకి వస్తాయి, అండాలు దగ్గుతుంది, దగ్గి తల ఎత్తేసరికి ఆమెకు యాభై నాలుగేళ్లు, పాపిట దగ్గర తెల్లబడింది, చీర మాత్రం అదే, పిన్నీసులు అవే.

"మందులేసుకుంటున్నవా?" అని అడుగుతాను, అడిగాక నాలుక కరుచుకుంటాను.

"ఇంకేం మందులే, పిచ్చిదానా," అని నవ్వుతుంది. "నేను పోయిన్నాడు మన క్లాసోళ్ల వాట్సాప్ గ్రూపుల నువ్వు దండం బొమ్మ వెట్టినవట. అందరు రెండు చేతులే పెట్టిన్రు. నువ్వు గూడ గంతేనా?"

"ఏం రాయాలో తెలవలేదు."

"తెలుగు మంచిగొస్తదని నిన్నే గద లీడరును చేసిన్రు."

నేను ముందుకు నడుస్తాను, వరండా వెడల్పవుతుంది, పైకప్పు ఎత్తవుతుంది, ఇప్పుడు మేము ఫంక్షను హాల్లో ఉన్నాం, కిందటేడు మా బ్యాచి వాళ్లందరం కలుసుకున్న హాలు, తెల్లగుడ్డలు తొడిగిన కుర్చీలు, మా పాత ఫోటో పెద్దది చేసి కట్టిన ఫ్లెక్సీ. మైకు ముందు నేనే ఉన్నాను. ఆ రోజు ఆరో తరగతికి నేను చెప్పిన ఆకు పాఠమే నన్ను టీచర్ని చేసిందని, ముప్ఫై ఏళ్లుగా ప్రతి తరగతిలో ఆ ఉదాహరణే చెబుతున్నానని మైకులో నా గొంతు చెబుతోంది. మూడో వరుసలో అండాలు కూర్చుని చప్పట్లు కొడుతోంది. నా పక్కన నిలబడ్డ అండాలు ఆ కూర్చున్న అండాలును చూస్తోంది.

"ఎందుకు కొట్టినవే చప్పట్లు?"

"అందరు కొడుతుంటె నేనొక్కదాన్ని చేతులు ముడుసుకొని కూసుంటనా? అయినా మంచిగ చెప్పినవ్. వినుకుంట వినుకుంట నాకు గూడ నిజమే అనిపిచ్చింది."

ఆమె ఎత్తిపొడుస్తోందేమోనని ముఖంలోకి చూస్తాను. లేదు. అలా అనుమానపడి చూసినందుకే నాకు ఎక్కువ కష్టంగా ఉంది.

"విఠల్ పుస్తకం వేస్తున్నడట గద, మన బ్యాచిది. నువ్వు ఒక పేజీ రాసినవట."

"రాసిన."

"ఆకు గురించేనా?"

"ఆకు గురించే."

"నేనున్ననా అండ్ల?"

హాల్లో భోజనాల గంటెల చప్పుడు మొదలవుతుంది, ఎవరో ప్లేట్లు పేరుస్తున్నారు, ఆ చప్పుడు వంకతో నేను వినబడనట్టు ఉంటాను, ఆమె ఆ వంక కూడా ముగిసేదాకా ఓపికగా ఆగి, నా మోచేయి పట్టుకుని నోటీసు బోర్డు ముందుకు తీసుకొస్తుంది, అది ఇక్కడే, వంటల బల్ల వెనకాలే ఉంది.

"ఒక్క మాట అడుగుత. ఎందుకు రాసినవే అటెండరని?"

"సారు రాయమన్నడు."

"ఏ సారు?"

హెడ్మాస్టరు నర్సింహాచారి సారు ఆ కాగితం చదవకుండానే సంతకం పెట్టిన సంగతి నాకు తెలుసు, ఆమెకూ తెలుసు, ఆయన కలంలోంచి పడిన సిరా చుక్క ఆయన పేరు పక్కన ఇంకా తడిగానే ఉంది.

"సార్ల మీదికి తొయ్యకు. సచ్చినోళ్ల తోని గూడ అబద్ధమాడుతవా?"

"నీకు చీర దొరకదనుకున్న," అంటాను. "అందరి ముంగట చిన్నబోతవేమో అని... అటెండరుకైతె లంగ ఓణి నడుస్తది గద అని..."

"మా ఇంట్ల చీర లేకుంటె మా అమ్మ ఏం గట్టుకొని తిరిగిందే ఇన్నొద్దులు?"

ఆమె పైట కొస చేతిలోకి తీసుకుని నా ముందు పరుస్తుంది, అక్కడక్కడ చిన్నగా, బియ్యపు గింజంత కమిలిన మచ్చలు.

"అమ్మ పెండ్లి చీర ఇది. పెట్టెలకెల్లి తీసిచ్చింది. ఇస్తిరి పెట్టె లేదు, చెంబుల నిప్పులేసి అర్ధరాత్రి దాకా రుద్దింది. టీచరు చీరకు ముడుతలుండొద్దట. కట్టుకొని ఒస్తె ఏముంది, సుత్తి చేతిల వెట్టిన్రు. పట్టుచీర అటెండరు అని నవ్విన్రు. నేను గూడ నవ్విన. నువ్వు కొద్దిగనే నవ్వినవ్, అది గూడ యాదికున్నది. పక్క సీట్లనే ఉంటిని గద వనజా. చీర ఉన్నదా అండాలు అని అడిగితె అయిపోతుండె."

"అడగలేదు."

"ఊఁ."

"అడిగితె ఉన్నదంటవని అడగలేదు."

ఈ మాట నేను అనాలనుకోలేదు. మెలకువగా ఉన్నప్పుడు నాకు నేను కూడా చెప్పుకోలేదు. అది నా నోట్లోంచి వచ్చాక గంటెల చప్పుడు ఆగిపోతుంది, హాలు లేదు, మేము వాళ్లింటి ముందు అరుగు మీద ఉన్నాం, సాయంత్రపు ఎండ పడుతోంది, వాళ్లమ్మ పక్కనే చాట ఒళ్లో పెట్టుకుని బీడీలు చుడుతోంది, అండాలు నన్ను ఆరో తరగతి పిల్లను చేసి కూర్చోబెట్టి పాఠం అభ్యాసం చేస్తోంది. నానిన తునికాకు ఒకటి ఎండకు ఎత్తి పడుతుంది. ఆకు లోపలి దారులన్నీ వెలుగుతాయి. "చూడున్రి పిల్లలు, ఈ ఈనెలు వల లెక్క అల్లుకున్నయి. దీన్ని జాలాకారం అంటరు. ఇప్పుడు గీ గడ్డిపోచ చూడున్రి, అన్ని ఒక్క తీర్గ పక్కపక్కకే పోతున్నయి. మీ అరచేయి గూడ ఎండకు పట్టున్రి. అండ్ల ఏమున్నదో నేను చెప్పను, మీరే చెప్పాలె." నేను అరచేయి ఎండకు పడతాను. నిజంగానే పడతాను. సైన్సు సారు ఏడాదంతా చెప్పి ఒక్కసారి కూడా నా చేత ఏదీ ఎండకు పట్టించలేదు.

"గప్పుడే తెలిసింది నాకు," అంటాను. "నువ్వు నా కంటె మంచిగ చెప్తవని. బహుమతి నీకే ఒస్తదని. ఇంటికి పోయి రాసిన ఆ కాగితం. చీర దొరకదన్న వంక తర్వాత పెట్టుకున్న."

అండాలు ఆకును చాటలో పెడుతుంది. వాళ్లమ్మ చేతులు ఆగవు, దారం చుట్టడం, తెంపడం, చుట్టడం.

"నేను పదోది ఫెయిలై బీడీలల్ల కూసున్న," అంటుంది చివరికి. "దానికి నువ్వేం చేస్తవ్, లెక్కల్ల పోయిన. నీ మీద ఏస్తలేను. పెండ్లయింది, పిల్లలైన్రు, అన్నీ అయినయి. ఒక్క ముప్పావు గంట గావాలనుండె. నా పీరియడ్ నాకియ్యి."

"ఇస్త," అంటాను. "ఇప్పుడే ఇస్త. రా."

చేయి పట్టుకుని లేపుతాను, ఆమె తేలిగ్గా ఉంది, రెండడుగుల్లో ఆరో తరగతి తలుపు వస్తుంది, లోపల నా గొంతు ఆగిపోయింది, బల్ల ముందు ఎవరూ లేరు, పిల్లలంతా ఎదురుచూస్తున్నారు, నా చేతిలో చాక్‌పీసు ఉంది, నేను చేయాల్సిందల్లా దాన్ని ఆమెకు ఇచ్చి పక్కకు జరగడం. పిల్లలు లేచి నిలబడి నా వైపు తిరిగి, "నమస్తే టీచర్" అంటారు. ఈమె మీ టీచరు అని చెప్పడానికి నోరు తెరుస్తాను.

"కూర్చోండి," అంటాను.

పిల్లలు కూర్చుంటారు. మళ్లీ చెప్పబోతాను. "కూర్చోండి." మూడోసారీ అదే మాట వస్తుంది, ముప్ఫై ఏళ్లు అరిగిన నోటికి గుమ్మం దగ్గర అదొక్కటే తెలుసు, పిల్లలు కూర్చున్నవాళ్లే మళ్లీ మళ్లీ సర్దుకుని కూర్చుంటున్నారు. అండాలు గడప బయటే నిలబడి ఉంది. తొందర లేదు, కోపమూ లేదు. చెప్తుందిలే అన్నట్టు చూస్తోంది.

అప్పుడు బెల్లు మోగుతుంది. కొట్టే మనిషి నా ముందే, సుత్తి ఆమె చేతిలోనే ఉంది, చేయి కదలడం లేదు, మరి ఎవరు కొడుతున్నారు అని తిరిగి చూస్తాను.

స్టాఫ్‌రూములో నేను తప్ప ఎవరూ లేరు. నాకు అయిదో పీరియడ్ ఖాళీ. అన్నం తిని, బల్ల మీది వైరు బుట్టపై చేయి వాల్చి, దాని మీద తల పెట్టుకున్నాను. వరండాలో అటెండరు పోశెట్టి ఆరో పీరియడుకు బెల్లు కొట్టి పోతున్నాడు. నా ముంజేతి లోపలి వైపు, మణికట్టు నుంచి మోచేతి దాకా, బుట్ట అల్లిక అచ్చు పడింది. గీతలు ఒకదాన్నొకటి దాటుతూ వల మాదిరి అల్లుకుని ఉన్నాయి. చేయి కిటికీ వైపు పట్టి, అవి మాసిపోయేదాకా చూశాను.

విఠల్ అచ్చుకు పంపే ముందు ఎవరి పేజీ వాళ్లను ఒకసారి చూసుకోమని గ్రూపులో పెట్టాడు. దిద్దాల్సినవి శనివారం లోపు చెప్పమన్నాడు. ఈ రోజు శుక్రవారం. నా పేజీలో ఆకు ఉంది, ఎండ ఉంది, పిల్లల అరచేతులు ఉన్నాయి, బహుమతి ఉంది. అండాలు పేరు లేదు. విఠల్‌కు నేను ఇంకా ఫోను చేయలేదు.