పొద్దుటి స్పెషల్ క్లాసు

జడ్సన్ పులికాట్ సరస్సు ఒడ్డు పల్లెల పిల్లలు చదివే ఒక హైస్కూల్లో లెక్కలు చెప్పేవాడు. నెమ్మదైన మనిషి. పిల్లల మీద చెయ్యెత్తి ఎరగడు. ఆ ఏడాది పదో తరగతి ఫలితాలు తగ్గకూడదని పైనుంచి ఒత్తిడి వచ్చింది. తెల్లవారగానే స్పెషల్ క్లాసు, బడి వదిలాక స్టడీ అవర్ పెట్టారు. రెండూ ఎక్కువగా జడ్సన్ మీదే పడ్డాయి. చీకటితో నాయుడుపేటలో బండి తీసేవాడు. తిరిగి ఇల్లు చేరేసరికి కూతురు నిద్రపోయి ఉండేది.

జనవరిలో ఒకరోజు పొద్దుటి క్లాసులో సుభాషిణి అనే పిల్ల బెంచీ మీద తల వాల్చి నిద్రపోయింది. జడ్సన్ రెండుసార్లు పిలిచాడు. పలకలేదు. చేతిలో ఉన్న డస్టర్ విసిరాడు. అది ఆమె తల పక్కనుంచి పోయి గోడకు తగిలింది. క్లాసంతా బిగుసుకుపోయింది. జడ్సన్ బోర్డు వైపు తిరిగి లెక్క పూర్తి చేయబోయాడు. ఒక్క అంకె వేసి సుద్దముక్క కింద పెట్టేశాడు. కుర్చీలో కూలబడి మొహం కప్పుకున్నాడు.

చప్పుడుకు లేచిన సుభాషిణే హెడ్‌మిస్ట్రెస్ విజయకుమారి గదికి పరుగెత్తింది.

"మేడం, సార్ ఏడస్తా ఉండాడు. మీరు రాండి."

విజయకుమారి ఆయన్ని స్టాఫ్ రూములో కూర్చోబెట్టి, మళ్ళీ క్లాసుకు వచ్చింది.

"ఏం జరిగింది?" అని అడిగింది.

"నేను నిద్రపోయినా మేడం," అంది సుభాషిణి. "నాయన రేత్రి వేటకు పోతాడు. తెల్లారకముందే వలలోంచి చేపలు ఏరాల. అన్నం తినకుండానే వచ్చేసినా."

"ఇంకా ఎవరెవరు తినకుండా వచ్చినారు?"

సగానికి పైగా చేతులు లేచాయి. విజయకుమారి ఆ చేతులు లెక్కపెట్టి, జడ్సన్ దగ్గరికి వెళ్ళింది.

స్టాఫ్ రూములో జడ్సన్ తల వంచుకుని ఉన్నాడు. "లాంగ్ లీవు పెట్టి పోతా మేడం. ఈరోజు తగల్లేదు. రేపు తగిలితే?"

"కావాలంటే పెట్టుకోండి. కానీ మీరు పోయినా ఆ పిల్లలు అట్టనే తూగతా ఉంటారు. మీ బదులు ఇంకొకరు విసురుతారు. పొద్దుటి క్లాసు తీసేస్తా."

"పైన ఒప్పుకుంటారా?"

"అడిగితే నేను చెప్పుకుంటా."

జడ్సన్ నాలుగు రోజులు సెలవు పెట్టి ఇంట్లో ఉన్నాడు. చాలాసేపు నిద్రపోయాడు. తిరిగి వచ్చిన రోజు క్లాసు ముందు నిలబడి, "ఆరోజు నేను చేసింది తప్పు. సుభాషిణీ, ఏమనుకోవద్దు," అన్నాడు.

"తగల్లేదు గద సార్."

"తగలకపోయినా తప్పే."

సుభాషిణి పుస్తకం తెరిచింది.

పొద్దుటి క్లాసు ఆగిపోయింది. మొదటి గంటకు ముందే రాగిజావ పోయమని విజయకుమారి బడి వంటమనిషి కామమ్మను అడిగింది. సాయంత్రం స్టడీ అవర్‌ని ఇంగ్లీషు టీచర్ డెబోరా, జడ్సన్ పంచుకున్నారు. తనిఖీకి వచ్చిన అధికారి పొద్దుటి క్లాసు ఎందుకు తీసేశారని కోప్పడి మెమో ఇచ్చి పోయాడు. విజయకుమారి జవాబు రాసి పంపింది. ఆ తర్వాత ఎవరూ దాని సంగతి ఎత్తలేదు.

ఫలితాలు పోయిన ఏడాది లాగే వచ్చాయి, పెరగలేదు, తగ్గలేదు. సుభాషిణి లెక్కల్లో తప్పింది. మే నెల ఎండల్లో, తప్పిన మరికొందరితో కలిపి ఆమెకు జడ్సన్ బడి వరండాలో పాఠం చెప్పాడు. అది ఎవరూ ఆయనకు వేసిన డ్యూటీ కాదు. పిల్లలు అలిసిపోయారనిపిస్తే ఆపేసి ఇంటికి పంపేవాడు. తాను అలిసిపోయినా అంతే, ఆ మాట వాళ్ళతో చెప్పేసేవాడు.

సప్లిమెంటరీ ఫలితాలు వచ్చిన రోజు ఆయనే సుభాషిణి ఇంటికి ఫోన్ చేశాడు. తల్లి ఎత్తింది.

"పాసయిందమ్మా."

"అది నిద్రపోతా ఉండాది సార్. లేపేదా?"

"వద్దులే. లేచినాక చెప్పండి," అని జడ్సన్ ఫోన్ పెట్టేశాడు.